మొదటి పెళ్లి, ఒక్కడినే ఫోటోలు తీయాలి. ముహూర్తం రాత్రి 2.47. సలహా కావాలి

తెనాలి_కుర్రాడు:

అందరికీ నమస్కారం. శ్రావణంలో ఒక పెళ్లికి ఫోటోలు తీస్తానని ఒప్పుకున్నాను. గుంటూరులో ఏసీ ఫంక్షన్ హాలు, ఆడపిల్లవారి తరఫున. వీడియోకి వేరే టీమ్ ఉంది, ఫోటోలకి నేనొక్కడినే. ఇప్పటిదాకా పుట్టినరోజులు, ఓణీల ఫంక్షన్లు తప్ప పెళ్లి తీయలేదు.

నా దగ్గరున్నవి: 24 మెగాపిక్సెల్ క్రాప్ సెన్సర్ (ఫుల్‌ఫ్రేమ్ కన్నా చిన్న సెన్సర్) కెమెరా బాడీ ఒకటి (కార్డు స్లాటు ఒకటే), 18-55 కిట్ లెన్సు, 50 ఎఫ్/1.8, పెన్సిల్ బ్యాటరీలతో నడిచే ఫ్లాష్ ఒకటి.

అద్దెకు ఏం తెచ్చుకోవాలి? జీలకర్ర బెల్లం, తాళి దగ్గర ఎక్కడ నిలబడాలి? ఫ్లాష్ వాడొచ్చా, వాడితే ఎంత? ఈ మూడూ చెప్తే చాలు, మిగతాది నేను చూసుకుంటాను.

బెజవాడ_షట్టర్:

మిగతాదే అసలు పని తమ్ముడూ. సరే, ముందు అద్దె సంగతి.

మొట్టమొదట రెండో బాడీ. లెన్సు తర్వాత. ఒక్క బాడీతో వెళ్తే, 2.46కి అది మొరాయించిందంటే ఇంక చేసేదేమీ లేదు. మీ కంపెనీదే, మీ లెన్సులు పట్టేదే తీసుకోండి. వీలైతే రెండు కార్డు స్లాట్లున్నది చూసి, రెండింటిలోనూ ఒకేసారి రాసేలా పెట్టుకోండి. ముహూర్తం దానితోనే తీయండి. మీ సొంత బాడీ రెండోదిగా మెడలో ఉంటుంది.

లెన్సు: 17-50 లేదా 18-50 ఎఫ్/2.8. మండపం మీద మీకూ పీటలకూ మధ్య ఆరేడడుగుల చోటు దొరికితే గొప్ప. క్రాప్ బాడీ మీద 50 పెడితే అది ఫుల్‌ఫ్రేమ్‌లో 75 లాగా చూస్తుంది, ఇద్దరూ ఫ్రేములో ఇరుగ్గా పడతారు. మీ 50ని రెండో బాడీకి తగిలించి అప్పగింతలకూ, పెళ్లికూతురు అలంకరణకూ వాడుకోండి. 70-200 బరువు, అద్దె ఎక్కువ. ఒక్కడే తిరిగేవాడికి మొదటి పెళ్లిలో దాని పని తక్కువ.

కార్డులు: 24 మెగాపిక్సెల్ రా ఫైలు (కుదించని అసలు ఫోటో ఫైలు) ఒక్కోటి 25 నుంచి 30 ఎంబీ దాకా వస్తుంది. 64 జీబీ కార్డులో సుమారు రెండు వేలు పడతాయి. అలాగని ఒకే పెద్ద కార్డు పెట్టకండి. మంగళస్నానాలు ఒకదాంట్లో, ముహూర్తం ఒకదాంట్లో, తలంబ్రాల నుంచి అప్పగింతలు ఇంకోదాంట్లో. కార్డు మార్చేది గౌరీపూజ అయిపోయాకే గానీ, తెర పట్టాక కాదు.

ఫ్లాష్‌కి రీచార్జ్ చేసుకునే పెన్సిల్ బ్యాటరీలు 16, అంటే నాలుగు సెట్లు. కొట్లో కొనే మామూలు ఆల్కలైన్ సెల్స్ అయితే సగం రాత్రికే నీరసిస్తాయి, ఒక మెరుపుకీ ఇంకో మెరుపుకీ మధ్య ఎడం పెరిగిపోతుంది. కెమెరా బ్యాటరీలు బాడీకి మూడు.

రెండు కెమెరాల్లో గడియారం సెకనుతో సహా ఒకేలా పెట్టండి. అది మర్చిపోతే ఆల్బమ్ వేసేటప్పుడు తలంబ్రాల తర్వాత కన్యాదానం వస్తుంది.

పీటలపక్కన:

నిలబడే చోటు గురించి నేను చెప్తాను. మన పెళ్లిలో ముహూర్తమంటే జీలకర్ర బెల్లం. తాళి కాదు. కొత్తవాళ్లు చాలామంది తాళికి సిద్ధమై, జీలకర్ర బెల్లం పోగొట్టుకుంటారు. శుభలేఖలో వేసిన 2.47 దానికే. ఆ నిమిషం ఎవరి కోసమూ ఆగదు.

తెర పట్టుకునేవాళ్లు ఇద్దరు, చెరొక కొసా పట్టుకుని నిలబడతారు. తెర అంచుకి ఎదురుగా, అంటే తెర మీకు గీతలా కనిపించేటట్టు నిలబడితే ఎడమ పక్క ఒకరు, కుడి పక్క ఒకరు వస్తారు. అదే సరైన చోటు. చిక్కేమిటంటే తెర పట్టుకున్న మనిషి సరిగ్గా అక్కడే ఉంటాడు. పది నిమిషాల ముందే ఆయన దగ్గరికెళ్లి, 'బాబాయ్, కొస మాత్రం చెయ్యి చాపి పట్టుకుని, మీరు అరడుగు వెనక్కి జరగండి' అని చెప్పుకోండి. ఆయన మోచేతి పక్కనుంచి, మోకాలి మీద కూర్చుని తీయాలి.

ఎందుకు కూర్చోవాలంటే, ఇద్దరూ కుడిచేతులు ఒకరి తల మీద ఒకరు పెడతారు. మీరు ఏ పక్క నిలబడితే ఆ పక్కవాళ్ల చెయ్యి మొహానికి అడ్డమొస్తుంది. కెమెరాని వాళ్ల గడ్డం ఎత్తుకి దించితే చేతుల కిందనుంచి రెండు మొహాలూ దొరుకుతాయి. భాషికాలు కూడా తెగకుండా వస్తాయి.

ఇక్కడ లెన్సు రంధ్రాన్ని ఎఫ్/1.8 దాకా పూర్తిగా తెరవకండి. మీ క్రాప్ బాడీ మీద 50తో, రెండు మీటర్ల దూరంలో, ఎఫ్/1.8 దగ్గర స్పష్టంగా ఉండే మందం 11, 12 సెంటీమీటర్లే. పెళ్లికొడుకు కళ్లు స్పష్టంగా ఉంటే పెళ్లికూతురు మసక. ఎఫ్/4కి వస్తే ఆ మందం పాతిక సెంటీమీటర్లవుతుంది, ఇద్దరూ పట్టేస్తారు.

కొందరిళ్లలో తెర మధ్యలో ఉండగానే జీలకర్ర బెల్లం పెట్టించి తర్వాత తెర తీస్తారు. కొందరు తెర తీసి పెట్టిస్తారు. ఏది ముందో పంతులుగారిని ముందే అడగాలి. సంకేతం కూడా ఉంది: ఆయన చెయ్యెత్తగానే గట్టిమేళం అందుకుంటుంది, అక్షతలు లేస్తాయి. సన్నాయి జోరందుకున్నాక ఫ్రేము వెతుక్కుంటే ఆలస్యమైనట్టే. అప్పటికే కన్ను వ్యూఫైండర్‌లో ఉండాలి. మూడేసి ఫ్రేముల చిన్న బర్స్టులు చాలు. వేలు నొక్కి పట్టుకుంటే బఫర్ (కెమెరా లోపలి తాత్కాలిక మెమరీ) నిండి, తెర జారే క్షణానికి కెమెరా బిగుసుకుపోతుంది.

తాళికి చోటు మారాలి. పెళ్లికొడుకు లేచి వంగి కడతాడు కాబట్టి ఎదురుగా ఉంటే ఆయన వీపే వస్తుంది. పెళ్లికూతురి భుజం పక్కకి, 45 డిగ్రీల కోణంలోకి వెళ్లి కూర్చోండి. వెనక ఆడపడుచు జడ ఎత్తి పట్టుకుంటుంది, ఆవిడకి అడ్డం వెళ్లకండి. మూడు ముళ్లకీ కలిపి అర నిమిషం లోపే. మొదటి ముడికి ఇద్దరి మొహాలు. రెండో ముడికి చేతులూ సూత్రాలూ దగ్గరగా. మూడో ముడికి లెన్సుని వెడల్పుకి తిప్పి, అక్షతలు గాల్లో ఉండగా మండపమంతా. మంగళసూత్రాల క్లోజప్ తాళి కట్టేటప్పుడు తీయాలని చూడకండి. అంతకుముందు వాటిని కొబ్బరిబోండం మీద పెట్టి పెద్దలందరి చేతా తాకిస్తారు, ఆ పళ్లెం తిరుగుతున్నప్పుడు తీరిగ్గా తీసుకోవచ్చు.

మధుపర్కాలతో జాగ్రత్త. ఫ్రేములో తెల్ల బట్ట ఎక్కువైతే కెమెరా మీటరు మొత్తాన్ని నల్లబరుస్తుంది, మొహాలు చీకటవుతాయి. మాన్యువల్‌లో పెట్టుకుని మొహం చూసి ఎక్స్‌పోజర్ కట్టుకోండి. తెలుపు మీద నేత కనపడాలి, అంతకుమించి వెలగకూడదు.

ఇంకోటి: మండపం మీదికి చెప్పులతో ఎక్కనివ్వరు. సాక్సులతో ఎక్కారా, కాళ్లు కడిగిన నీళ్లూ పసుపూ పూలరెక్కలూ కలిసిన నేల మీద జారతారు. ఉత్త కాళ్లే మేలు.

ఓరుగల్లు_క్లిక్:

లైటింగ్ సంగతి నేను చెప్త. ఏసీ హాలంటే ఇప్పుడు అన్నీ ఎల్‌ఈడీలే. మన కరెంటు 50 హెర్ట్జ్, లైటు సెకనుకు వంద సార్లు ఎక్కి దిగుతది. సైలెంట్ షట్టర్, అదే ఎలక్ట్రానిక్ షట్టర్, పెట్టినరంటే ఫోటో మీద అడ్డంగ చారలొస్తయి. మంత్రాలు చదువుతుంటే చప్పుడెందుకని కొత్తోళ్లు అదే ఆన్ చేస్తరు. వద్దు, మెకానికల్ షట్టరే పెట్టుండ్రి. ఫ్లాష్ లేకుంట తీస్తే షట్టర్ 1/100 సెకను దగ్గర చారలు తగ్గుతయి. కెమెరాల యాంటీ ఫ్లికర్ సెట్టింగ్ ఉంటే ఆన్ చేసుకోండ్రి.

దానికన్న పెద్ద గండం పార్ లైట్లు, అంటే స్టేజీకి పెట్టే రంగు ఫోకస్ లైట్లు. డెకరేషనోళ్లు ఊదా, నీలం లైట్లు మండపం దిక్కు తిప్పి పెడ్తరు. ఊదా పడ్డ మొహాన్ని వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగ వచ్చేటట్టు రంగు సర్దే సెట్టింగ్) మార్చి బాగు చేసుడు అయ్యేపని కాదు, రా ఫైలైనా సరే, అక్కడ మిగతా రంగుల సమాచారమే ఉండది. సాయంత్రమే పోయి లైటింగ్ ఆయనను దొరకబట్టి, పీటల మీద పడేవి తెల్లయి లేకుంటె పసుప్పచ్చయి ఉంచుమని, రంగులు వెనక బట్ట మీదికి తిప్పుమని అడగాలె. పెండ్లికూతురి తండ్రితోని ఒక మాట చెప్పిస్తె జల్ది అయితది.

ఫ్లాష్: వాడాలె. కానీ నేరుగ మొహం మీద కొట్టొద్దు, మండపం పైకప్పుకు కూడ కొట్టొద్దు. ఎందుకంటే ఆ కప్పు ఎర్ర బట్టనో బంతిపూలో, తగిలి వచ్చే వెలుతురు అదే రంగుల దిగుతది. తెల్ల గోడ దగ్గర్ల ఉంటె దానికి కొట్టుండ్రి. లేదంటే ఒక పిలగాన్ని పెట్టుకోని, ట్రిగ్గర్ (ఫ్లాష్‌ను దూరం నుంచి వెలిగించే రిమోట్) తోని ఫ్లాష్‌ను మోనోపాడ్ (ఒంటికాలి స్టాండు) మీద పట్టించుండ్రి, చిన్న తెల్ల గొడుగు బిగించి, మొహాలకు 45 డిగ్రీల పక్కన, ఏడడుగుల ఎత్తుల. స్టాండు వేసి వదిలేస్తే మాత్రం ఎవరి చీరనో తగిలి పడుతది.

లెక్కలు: ఐఎస్‌ఓ (సెన్సర్ వెలుతురు పట్టే శక్తి) 1600, ఎఫ్/4, షట్టర్ 1/160, ఫ్లాష్ పవర్ 1/8 నుంచి మొదలువెట్టి చూడుండ్రి. ఫుల్ పవర్ పెడితే ఒక్కో మెరుపుకు రెండు మూడు సెకన్లు ఆగాలె, వేడెక్కి ఆగిపోతది కూడ. ఐఎస్‌ఓ పెంచి ఫ్లాష్ తగ్గించుడే పద్ధతి. కొంచెం గ్రెయిన్ వస్తే ఎవ్వరూ ఏమనరు.

తలంబ్రాలకు ఫ్లాష్ 1/8 కన్న తక్కువ ఉంటే మెరుపు శానా పొట్టిగ ఉంటది, బియ్యం గింజలు గాల్లనే ఆగినట్టొస్తయి. ఫ్లాష్ లేకుంటె షట్టర్ 1/500 అయినా ఉండాలె. అప్పుడు లెన్సు మార్చొద్దు, పసుపు బియ్యం సీదా సెన్సర్ మీదికే పోతది. ఫిల్టర్ ఒకటి ముందట బిగించుకోండ్రి.

హోమం పొగల ఫ్లాష్ ఎదురుంగ కొడితే తెల్ల పరదా లెక్క వస్తది. అప్పుడు బందు చేసి, పొగ వెనక నుంచి వచ్చే లైటునే వాడుకోండ్రి. ఫోకస్ తన్నుకుంటే బొట్టు మీదనో బాసింగం అంచు మీదనో సింగిల్ పాయింట్ పెట్టాలె.

తెనాలి_కుర్రాడు:

ఇంత వివరంగా చెప్తారనుకోలేదు, అందరికీ ధన్యవాదాలు. ఇంకో రెండు అనుమానాలు. వీడియో వాళ్లు ముగ్గురొస్తున్నారట, వాళ్లు ముందు నిలబడితే ఏం చేయాలి? పొరపాటున తాళి ఫోటో తప్పిపోతే పెళ్లికొడుకుని మళ్లీ ఒకసారి పట్టుకోమని అడగొచ్చా?

గోదారిగాలి:

అడగొచ్చు. మూడో ముడి పడ్డాక 'ఒక్క క్షణం అలాగే ఉండండి' అంటే చాలామంది ఉంటారు. రెండు సెకన్లే కదా.

పీటలపక్కన:

నేను ఒప్పుకోను. అలా ఉండమన్న ఫోటోలో పెళ్లికొడుకు కెమెరా వైపు చూస్తూ ఉంటాడు, పెళ్లికూతురు నవ్వాలో వద్దో తెలియక ఉంటుంది. ఆల్బమ్‌లో తెలిసిపోతుంది. పైగా పంతులుగారికి కోపమొస్తే మిగతా రాత్రంతా మీ పని కష్టం. తప్పిపోతే, తాళి పడ్డాక పెళ్లికూతురు సూత్రాలు సర్దుకుంటుంది, వాళ్లమ్మ కళ్లు తుడుచుకుంటుంది. అవి తీయండి. మొదటి పేజీకి అవే బాగుంటాయి.

జీలకర్ర బెల్లం మాత్రం మళ్లీ అడిగే ఊసే ఎత్తకండి.

గోదారిగాలి:

తాళి విషయంలో ఇద్దరం ఒప్పుకోంలెండి. ఇంటివాళ్లే 'మళ్లీ పట్టుకోరా' అని అడిగే పెళ్లిళ్లు కూడా ఉన్నాయి, వాళ్లని చూసి నడుచుకోవాలి.

వీడియో వాళ్ల సంగతి: సాయంత్రం వాళ్లు లైట్లు సర్దుకునేటప్పుడే వెళ్లి కలవండి. ఎదురుగా మధ్యలో ట్రైపాడ్ వాళ్లది. తెర అంచు దగ్గర ఒక వైపు మీది, రెండో వైపు వాళ్ల గింబల్ (కెమెరా ఊగకుండా పట్టే చేతి స్టాండు) మనిషిది. ఇలా నోటితో పంచుకుంటే ముహూర్తం దగ్గర తోపులాట ఉండదు. వాళ్ల ఎల్‌ఈడీ ప్యానెల్ ఎదురుగా కాకుండా కాస్త పక్కకి పెట్టమనండి, మొహాలు చప్పగా రావు, మీకూ అదే వెలుతురు పనికొస్తుంది. దాని రంగు ఎంత కెల్విన్‌లో (వెలుతురు రంగుని కొలిచే అంకె) పెట్టారో అడిగి మీ వైట్ బ్యాలెన్స్ కూడా దానికి దగ్గరగా పెట్టుకుంటే ఎడిటింగ్‌లో సగం తలనొప్పి పోతుంది. ఆటో వైట్ బ్యాలెన్స్ ఉంచితే పట్టుచీర రంగు ఫోటోకో రకంగా మారుతుంది.

స్టేజీ వెనక ఎల్‌ఈడీ స్క్రీన్ ఉంటే దాని మీద జంట పేర్లు తిప్పుతూ ఉంటారు. ముహూర్తం సమయానికి దాన్ని ఒకే నిలకడ రంగులో ఉంచమనండి, వెలుతురు తగ్గించమనండి.

ఇక ఎవరూ చెప్పనిది ఒకటుంది. అరుంధతీ నక్షత్రం చూపించడానికి ఏసీ హాల్లోంచి శ్రావణమాసపు రాత్రి బయటికి వస్తారు. చల్లబడ్డ లెన్సు మీద తేమ పట్టేస్తుంది. గుడ్డతో తుడిచినా మళ్లీ పడుతుంది, లెన్సు వేడెక్కేదాకా అంతే. పంతులుగారు మాత్రం రెండు నిమిషాల్లో చూపించి లోపలికి తీసుకెళ్లిపోతారు. అందుకని రెండో బాడీని అరగంట ముందే బ్యాగులో పెట్టి, బయట నమ్మకమైన మనిషి చేతిలో ఉంచండి. వర్షం పడుతుంటే పోర్టికోలోంచే చూపిస్తారు, అక్కడ వెలుతురు ఎలా ఉందో సాయంత్రమే చూసుకోండి.

బిందెలో ఉంగరం తీసే ఆటకి స్టూలు ఎక్కి పైనుంచి తీయాలి. పక్కనుంచి తీస్తే బిందె తప్ప ఏమీ కనపడదు.

అప్పగింతల్లో పళ్లెంలో పాలు పోసి, అమ్మాయి చేతులు ముంచి అత్తమామల చేతుల్లో పెడతారు. మొహాలు ఎలాగూ తీస్తారు. ఆ పాల చేతులు వదలకండి. ఫ్లాష్ తీసేయండి, ఏడుస్తున్న మొహాల మీద మెరుపులు కొడితే వాళ్లు మొహం తిప్పేసుకుంటారు.

బెజవాడ_షట్టర్:

గ్రూపుల గురించి చెప్పడం మర్చిపోయాం. పెళ్లయ్యాక ఫోన్ చేసి తిట్టేది అక్షతల ఫోటో రాలేదని కాదు, 'మా పెద్దత్తయ్య ఫ్యామిలీ ఏదీ?' అని. రెండు వైపులా ఒక్కొక్క మనిషిని అడిగి తీసుకోండి, చుట్టాలందరినీ పేరు పెట్టి పిలవగలిగినవాళ్లని. ఆడపిల్లవారి తరఫున మేనమామ గానీ పెద్ద వదిన గానీ సరిపోతారు. జాబితా ముందురోజే రాయించండి. గ్రూపుకి రెండు నిమిషాలు వేసుకుంటే 20 గ్రూపులకి 40 నిమిషాలు. ముహూర్తం అర్ధరాత్రి దాటాక కాబట్టి చాలామంది రిసెప్షన్ భోజనాలు చేసి వెళ్లిపోతారు. ముసలివాళ్లతో ఉన్న గ్రూపులు తొమ్మిదిలోపే తీసేయండి.

రెండు వరసలుంటే ఎఫ్/5.6, మూడైతే ఎఫ్/8, ఫోకస్ ముందు వరస మీద. ఒక్కో గ్రూపుకి మూడు ఫ్రేములు తప్పనిసరి, ఎవరో ఒకరు కళ్లు మూస్తారు. అంచుల్లో మనుషుల్ని 18 ఎంఎం దగ్గర నిలబెడితే లావుగా సాగిపోతారు. 24కి జూమ్ చేసి వెనక్కి జరగండి.

డబ్బు మాటలు: తెలిసినవాళ్లే అయినా కాగితం మీద రాసుకోండి. ఎన్ని గంటలు, ఎడిట్ చేసిన ఫోటోలు ఎన్ని, ఆల్బమ్ ఎన్ని షీట్లు, సెలక్షన్ (ఆల్బమ్‌కి వాళ్లు ఎంచిన ఫోటోలు) ఎన్ని రోజుల్లో ఇవ్వాలి, అడ్వాన్స్ ఎంత. సెలక్షన్ గడువు రాయకపోతే ఆల్బమ్ సంక్రాంతికి కూడా తేలదు. రెండు వేల ఫోటోలూ వాళ్ల చేతిలో పెట్టి ఎంచుకోమనకండి. ముందు మీరే ఏరి నాలుగైదు వందలకి దించి ఇవ్వండి. 12×36 ఆల్బమ్‌లో షీటు మధ్యలో మడత వస్తుంది, ఆ గీత మీద మొహం పడేటట్టు డిజైన్ చేయనివ్వకండి. అందుకే తీసేటప్పుడే కొన్ని వెడల్పు ఫ్రేముల్లో జంటని మధ్యలో కాకుండా ఒక పక్కకి ఉంచండి.

మంగళస్నానాల ఫోటోలు ఎడిట్ చేసేటప్పుడు పసుపు రంగుని మొత్తంగా తగ్గించకండి, బంతిపూలు కూడా పాలిపోతాయి. చర్మం మీద మాత్రమే బ్రష్‌తో కొద్దిగా నారింజ వైపు జరపండి.

భోజనం మొదటి బంతిలోనే తినేయండి. మొహమాటపడితే తెల్లారేదాకా ఖాళీ కడుపే.

తెనాలి_కుర్రాడు:

రెండు స్లాట్ల బాడీ గుంటూరులో అద్దెకి దొరికింది, బుక్ చేశాను. ఆఖరిగా ఒకటి: మధ్యలో కార్డు ఎర్రర్ అని వస్తే?

ఓరుగల్లు_క్లిక్:

కెమెరా ఫార్మాట్ చెయ్యమని అడుగుతది. చెయ్యొద్దు. స్విచ్ ఆపి, కార్డు తీసి, పక్కకున్న చిన్న లాక్ కిందికి జరిపి, వేరే జేబుల పెట్టుకోండ్రి, కొత్త కార్డు వేసి పని నడిపియ్యండ్రి. అదే కార్డు మళ్ల వేసి ఇంకో నాలుగు ఫోటోలు తీస్తే పాతయి వాటి కింద పోతయి. ఇంటికి వచ్చినంక ముందుగాల కార్డ్ రీడర్ మార్చి చూడుండ్రి, ఒక్కోసారి తప్పు రీడర్‌ది కూడ ఉంటది. అట్ల రాకుంటె ఫోటోరెక్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, రా ఫైళ్లను కూడ వెతికి తీస్తది. తీసినయి కంప్యూటర్ల వేరే డ్రైవ్‌లనే దాచాలె, అదే కార్డు మీద రాయొద్దు.

మంచిగున్న కార్డులు కూడ పొద్దుగాల పండుకునే ముందే రెండు చోట్లకు కాపీ చేసుకోండ్రి. ఆల్బమ్ వాళ్ల చేతికి పొయ్యేదాక ఏ కార్డూ ఫార్మాట్ చెయ్యొద్దు.